మూడు రోజులు, ఒక శతాబ్దం: ఫ్లోరెన్స్ ప్రయాణానికి ముందు



యూరప్‌లోని ఏదో ఒక పాత నగరానికి మూడు నాలుగు రోజుల పాటు వెళ్లి రావాలనుకునేవాళ్లు ఇప్పుడు మనలో చాలామంది ఉన్నారు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బయల్దేరేవాళ్లు కొందరు. మ్యూనిక్‌లోనో డబ్లిన్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు కలిసొచ్చినప్పుడు వెళ్లేవాళ్లు కొందరు. అక్కడున్న పిల్లల్ని చూడటానికి వెళ్లి, పనిలో పనిగా ఒక ఊరు కూడా చూసి వద్దామనుకునే అమ్మానాన్నలు ఇంకొందరు. వీళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. చూడదగ్గవి వందల్లో ఉంటాయి, చేతిలో ఉన్నవి మూడు రోజులు. దాంతో పొద్దున్నే మొదలుపెట్టి రాత్రి దాకా తిరుగుతారు. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫొటోలు మిగులుతాయి గానీ, ఏ బొమ్మ ఎక్కడిదో, ఎవరు ఎందుకు చేశారో మనసులో మిగలదు. అంత డబ్బు పోసి, అంత శ్రమపడి చేసిన ప్రయాణం అలా చేజారిపోవడం నాకు బాధగా ఉంటుంది.

దీనికి నాకు తెలిసిన దారి ఒకటుంది. బయల్దేరే ముందే ఆ ఊరి కథల్లోంచి ఒక్క కథను ఎంచుకోవాలి. ఆ కథలోకి వచ్చేవే చూడాలి. రానివి ఎంత పేరున్నవైనా ఈసారికి వదిలేయాలి. ఏదో ఒకటి వదిలేయక తప్పదని అందరికీ తెలుసు. కానీ చేతిలో ఒక కథ ఉన్నవాళ్లే దిగులు లేకుండా వదిలేయగలరు. ఈ మాటను ఒక ఊరు పెట్టుకుని వివరంగా చెబుతాను. ఆ ఊరు ఇటలీలోని ఫ్లోరెన్స్.

అక్కడివాళ్లు దాన్ని ఫిరెంజె అంటారు. ఆర్నో నది ఒడ్డున ఉంది. పాత నగరాన్ని 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చిన్న ఊరు. పెద్ద చర్చి దగ్గర బయల్దేరితే నదిమీది పాత వంతెన పోంతె వెక్యోకు పది నిమిషాల నడక. కానీ ఆ పది నిమిషాల దారిలో ఎన్నో వందల ఏళ్ల చరిత్ర పొరలు పొరలుగా ఉంది. అందులోంచి నేను ఎంచుకోమని చెప్పే కథ దాదాపు ఒక శతాబ్దం కథ. 1401లో ఒక పోటీతో మొదలై, 1504లో ఒక విగ్రహాన్ని నిలబెట్టడంతో ముగుస్తుంది. ఆ నూరేళ్లలో ఆ ఊరి కంసాలులు, శిల్పులు, చిత్రకారులు, తాపీ మేస్త్రీలు కలిసి ప్రపంచం చూసే చూపునే మార్చారు. ఓడిపోయినవాళ్లు, సగంలో పోయినవాళ్లు, మరొకరు వదిలేసిన పనిని అందుకున్నవాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఈ కథ జరిగిన చోట్లన్నీ ఇప్పటికీ నడక దూరంలోనే ఉన్నాయి. మూడు రోజులకు సరిగ్గా సరిపోతుంది.

ముందు ప్రయాణపు ఏర్పాట్ల సంగతి చెబుతాను.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు పడుతుంది, కొన్ని దరఖాస్తులకు నలభై అయిదు రోజుల దాకా పట్టవచ్చు. అందుకని రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో నివాస అనుమతి మీద ఉంటున్నవాళ్లు ఇటలీకి వేరే వీసా లేకుండా వెళ్లి రావచ్చు. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటున్నవాళ్లకు మాత్రం సాధారణంగా షెంజెన్ వీసా విడిగా కావాలి. బ్రిటన్, ఐర్లండ్ షెంజెన్ ప్రాంతంలో లేవు.

ఎప్పుడు వెళ్లాలి? జూలై, ఆగస్టు వద్దు. ఎండ మన కోస్తా ఎండను గుర్తుచేస్తుంది, జనం విపరీతంగా ఉంటారు. ఆగస్టు 15 చుట్టుపక్కల ఊరివాళ్లే చాలామంది దుకాణాలు మూసుకుని సెలవులకు వెళ్లిపోతారు. మార్చి నెల, అక్టోబరు చివర, నవంబరు బాగుంటాయి. చలికి ఓర్చుకునేవాళ్లకు జనవరి, ఫిబ్రవరి నెలలు ఇంకా మేలు. పగలు పొట్టిగా ఉంటుంది గానీ, ఒక చిత్రం ముందు పది నిమిషాలు ఎవరూ తోయకుండా నిలబడే వీలు ఆ నెలల్లోనే దొరుకుతుంది.

వారంలో ఏ రోజులన్నది కూడా ముఖ్యమే. ఉఫిజీ, అకాడెమియా అనే రెండు పెద్ద మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయి. మంగళవారం సెలవు తీసుకునే చిన్న మ్యూజియాలూ ఉన్నాయి. ఆదివారం పొద్దున చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం, కాబట్టి ఆ రోజు కాలు పెట్టే చోటుండదు. ఇవన్నీ కలిపి చూస్తే, మంగళవారం సాయంత్రానికి ఊరు చేరి, బుధ, గురు, శుక్రవారాలు చూడటానికి పెట్టుకోవడం ఉత్తమం. హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లు రోమ్‌లోనో మిలాన్‌లోనో దిగి రైల్లో వెళ్లవచ్చు. రోమ్ నుంచి వేగంగా వెళ్లే రైలు గంటన్నరలో శాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో దింపుతుంది. అక్కడి నుంచి పాత ఊరంతా నడకే. కాబట్టి బస స్టేషన్‌కీ నదికీ మధ్య ఎక్కడైనా, లేదంటే నది అవతలి ఒడ్డున చూసుకోండి. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్లు పెరిగిపోయి ఊరివాళ్లకే ఇళ్లు దొరకని పరిస్థితి వచ్చింది. అందుకే 2023లో నగరపాలక మండలి పాత ఊళ్లో అలాంటి కొత్త ఇళ్లకు అనుమతి ఆపేసింది. మనం లైసెన్సు ఉన్న హోటల్లోనో, చిన్న వసతి గృహంలోనో దిగితే ఆ ఊరికి మన వంతు మర్యాద చేసినట్టే. రాత్రికి ఇంతని తలకు కొంత నగర పన్ను హోటల్లో కట్టాల్సి ఉంటుంది.

ముందుగా వేళ ఖాయం చేసుకుని టికెట్ కొనాల్సినవి నాలుగున్నాయి. పెద్ద చర్చి గుమ్మటం ఎక్కడం, అకాడెమియా, ఉఫిజీ, బ్రంకాచ్చి ప్రార్థనా మందిరం. టికెట్లను ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే కొనండి. వీసా వచ్చిన రోజే ఈ పని చేసేయండి. ఇక హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఇంకొక సూచన. వెళ్లే ముందు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి, ముసుగు రెబెక్కా విగ్రహం ముందు పావుగంట నిలబడండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు కొన్నాడు. పలుచని మేలిముసుగు, ముసుగు వెనక ముఖం, రెండూ ఒకే రాయి. ఒక్క వస్తువును పావుగంట చూడటం ఎలాగో అక్కడ అలవాటు చేసుకుంటే, ఫ్లోరెన్స్‌లో మీ కళ్లు ముందే సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు మొదటి రోజు.

పొద్దున్నే బార్జెల్లో మ్యూజియానికి వెళ్లండి. ఒకప్పుడు అది న్యాయాధికారి కోట, తర్వాత జైలు. పైఅంతస్తులోని పెద్ద హాల్లో గోడకు రెండు చిన్న కంచు పలకలు పక్కపక్కనే ఉంటాయి. మన కథ అక్కడ మొదలవుతుంది. 1401లో ఉన్ని బట్టల వ్యాపారుల శ్రేణి, పెద్ద చర్చి ఎదురుగా ఉన్న బాప్టిస్టరీకి, అంటే బాప్తిస్మాలిచ్చే మందిరానికి, కంచు తలుపులు చేయించాలని పోటీ పెట్టింది. అందరికీ ఒకే ఘట్టం ఇచ్చారు. దేవుడి ఆజ్ఞ మీద అబ్రహాము తన కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయే ఘట్టం. పోటీకి నిలిచిన ఏడుగురిలో ఇద్దరి పలకలే నేటికీ మిగిలాయి. ఒకటి లొరెంజో గిబెర్తిది, రెండోది ఫిలిప్పో బ్రూనెల్లెస్కిది. ఇద్దరూ బంగారం పని నేర్చినవాళ్లే. ఇద్దరికీ అప్పటికి పాతికేళ్లు నిండలేదు.

ఆ పలకల్ని తొందర లేకుండా చూడండి. బ్రూనెల్లెస్కి పలకలో తండ్రి కత్తి కొడుకు మెడ మీదికి వచ్చేసింది. దేవదూత తండ్రి ముంజేతిని పట్టుకుని ఆపుతున్నాడు. ఉద్వేగం ఒక్కసారిగా మీద పడుతుంది. గిబెర్తి పలకలో బాలుడి శరీరం ప్రాచీన రోమన్ శిల్పంలా నున్నగా, నిండుగా ఉంటుంది. కత్తి ఇంకా గాల్లో ఉంది. గిబెర్తి దాదాపు మొత్తం ఒకే పోతగా పోశాడు, కంచు కూడా తక్కువ పట్టింది. గెలిచింది గిబెర్తి. మీరైతే ఎవరికి ఇచ్చేవాళ్లో అక్కడే తేల్చుకోండి. ఇంటిల్లిపాదీ వెళ్తే ఒకరితో ఒకరు వాదించుకోండి. మొదటి రోజు పొద్దున్నే అలాంటి వాదన ఒకటి జరిగిందంటే, మూడు రోజులూ మీరు చూసేవాళ్లుగానే ఉంటారు, తిరిగేవాళ్లుగా కాదు. అదే హాల్లో శిల్పి డొనాతెల్లో చేసిన బైబిల్ వీరుడు దావీదు కంచు విగ్రహం కూడా ఉంది. రోమన్ల కాలం తర్వాత, చుట్టూ తిరిగి చూసేలా విడిగా నిలబెట్టిన తొలి నగ్న కంచు విగ్రహాల్లో దాన్ని చెబుతారు. ఈ దావీదును గుర్తుపెట్టుకోండి, రేపు ఇంకో దావీదు దగ్గరికి వెళ్తాం.

అక్కడి నుంచి అయిదు నిమిషాలు నడిస్తే పెద్ద చర్చి. దాని వెనకాలే ఒపెరా దెల్ దువోమో మ్యూజియం ఉంది. పోటీలో గెలిచిన గిబెర్తి ఒక జత తలుపులకు ఇరవై ఏళ్లు పనిచేశాడు. తర్వాత 1425లో ఇంకో జత పని అందుకుని 1452లో ముగించాడు. స్వర్గద్వారాలని పేరుపడ్డవి ఈ రెండోవి. ఇప్పుడు బాప్టిస్టరీకి ఉన్నవి నకళ్లు, అసలు తలుపులు ఈ మ్యూజియంలో ఉన్నాయి. అవి లోపలికి రావడానికి ఒక కారణం 1966 నవంబరు 4న ఆర్నోకు వచ్చిన వరద. ఆ ఉధృతికి స్వర్గద్వారాల పది పలకల్లో కొన్ని ఊడిపోయాయి. శాంతా క్రోచె చర్చిలో చిమబువె గీసిన శిలువ చిత్రం చాలావరకు చెడిపోయింది. అప్పుడు ఎక్కడెక్కడి నుంచో కుర్రవాళ్లు వచ్చి, బురదలోంచి పుస్తకాలూ చిత్రాలూ ఎత్తి శుభ్రం చేశారు. ఆ ఊరు వాళ్లను బురద దేవదూతలని ఇప్పటికీ తలుచుకుంటుంది. స్వర్గద్వారాలు చేయడానికి గిబెర్తికి ఇరవై ఏడేళ్లు పట్టింది. వాటిని బాగుచేయడానికి మనకాలపు నిపుణులకూ ఇరవై ఏడేళ్లే పట్టింది. 2012లో మళ్లీ జనం ముందుకు తెచ్చారు.

మరి ఓడిపోయినవాడి సంగతి? బ్రూనెల్లెస్కి రోమ్ వెళ్లి పాడుబడ్డ కట్టడాల్ని కొలుచుకుంటూ తిరిగాడని, డొనాతెల్లో తోడుగా వెళ్లాడని ఆనాటి జీవితచరిత్రకారులు రాశారు. ఇక్కడ ఫ్లోరెన్స్‌లో పెద్ద చర్చి 1296 నుంచి కడుతూనే ఉన్నారు. గోడలు లేచాయి, నెత్తిన దాదాపు నలభై అయిదు మీటర్ల వెడల్పున ఎనిమిది మూలల ఖాళీ మిగిలింది. దాని మీద గుమ్మటం ఎలా నిలబెట్టాలో ఎవరికీ తెలియలేదు. అంత ఎత్తున, అంత వెడల్పున కింద చెక్క సెంట్రింగ్ కట్టాలంటే దుంగలు చాలవు. 1418లో మళ్లీ పోటీ పెట్టారు. సెంట్రింగ్ లేకుండానే కడతానని బ్రూనెల్లెస్కి ముందుకొచ్చాడు. 1420లో పని మొదలై 1436లో గుమ్మటం పూర్తయింది.

ఎలా కట్టాడో చూడాలంటే లోపల ఎక్కాలి. 463 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు ఎక్కవద్దు. మ్యూజియంలోనే గుమ్మటం నమూనాలు, ఆనాటి కప్పీలు, పనిముట్లు ఉన్నాయి, అవి చూస్తే చాలు. ఎక్కగలిగినవాళ్లు ఒక విషయం గమనించండి. గుమ్మటం ఒకటి కాదు, ఒకదాని లోపల ఒకటిగా రెండు. మీరు ఎక్కేది ఆ రెంటి మధ్య సందులోంచి. చేతికందే దూరంలో ఇటుకలు కనిపిస్తాయి. వరసలో కొన్ని పడుకుని ఉంటే, మధ్యమధ్య కొన్ని నిలబడి, జడ అల్లినట్టు మెలికలుగా పైకి పోతాయి. సున్నం ఆరకముందే ఇటుక జారిపోకుండా ఈ నిలువు ఇటుకలు పట్టుకుంటాయి. ప్రతి వరసా పూర్తయ్యేసరికి తన బరువును తానే మోసుకుంటుంది. నలభై లక్షలకు పైగా ఇటుకలు అలా పేర్చారు. తలుపుల పోటీలో ఓడిపోయి ఉండకపోతే బ్రూనెల్లెస్కి జీవితమంతా తలుపుల పనిలోనే గడిచేదేమో. ఇప్పుడతని సమాధి ఆ చర్చి నేలలోనే ఉంది.

రెండో రోజు చూడాల్సినవి మూడూ ఒకే పేటలో ఉన్నాయి.

పొద్దున శాన్ మార్కో మఠం. అది తెరిచి ఉండేది ఎక్కువగా ఉదయం పూటే, అందుకే ముందు అక్కడికి. కోసిమో మెదీచి అనే వడ్డీవ్యాపారి, ఊరికి మకుటం లేని రాజు, దీన్ని తిరిగి కట్టించాడు. ఇక్కడి సన్యాసి ఫ్రా అంజెలికో, సహాయకులతో కలిసి నలభైకి పైగా గదుల్లో గదికొక కుడ్యచిత్రం వేశాడు. మెట్లెక్కగానే ఎదురయ్యేది దేవదూత మేరీకి శుభవార్త చెప్పే చిత్రం. ఇవి ఊరికి చూపించడానికి వేసినవి కావు. ఒక్క సన్యాసి, ఒక్క చిన్న కిటికీ, ఒక్క చిత్రం. రంగులు పొదుపుగా ఉంటాయి. ఇక్కడ మాటలు తగ్గించండి. అదే మఠంలో చివరన సవొనరోలా ఉన్న గదులున్నాయి. విలాసాల్ని తిట్టిపోస్తూ 1497లో అద్దాలు, నగలు, చిత్రాలు కుప్ప పోయించి తగలబెట్టించినవాడు. మరుసటి ఏడు మే నెలలో అతన్నే నగర కూడలిలో ఉరితీసి కాల్చారు. అందాన్ని ఆరాధించిన ఊరూ, అందాన్ని చూసి భయపడిన ఊరూ ఒకటేనని ఆ మఠంలో తెలుస్తుంది.

తర్వాత నాలుగడుగుల దూరంలో ఇన్నొచెంతి, అంటే అనాథ శిశువుల ఆశ్రయం. పర్యాటకులు ఎక్కువమంది దీన్ని దాటిపోతారు. మీరు దాటిపోకండి. పట్టు వ్యాపారుల శ్రేణి డబ్బు పెట్టింది, 1419లో బ్రూనెల్లెస్కి నమూనా వేశాడు. సన్నని స్తంభాల మీద సమానమైన కమానులతో ఉన్న ఆ వరండాతోనే కొత్త వాస్తు మొదలైందంటారు. కమానుల మధ్య నీలం గుండ్రాల్లో పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిపాపలు, అవి ఆంద్రెయా దెల్లా రొబ్బియా చేసినవి. 1445 ఫిబ్రవరి 5న మొదటి పాపను ఇక్కడ వదిలారు. లోపలి మ్యూజియంలో చిన్న చిన్న అరల్లో తల్లులు బిడ్డలతో పాటు పెట్టిన గుర్తులున్నాయి. సగానికి విరిచిన నాణెం, సగం పతకం, పూసలదండ ముక్క. మిగతా సగం తల్లి దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా తిరిగి తీసుకెళ్లే రోజు వస్తే రెండూ కలిపి చూసుకోవడానికి. ఆ రోజు చాలామందికి రాలేదు. ఈ శతాబ్దపు వైభవం కింద ఎంత పేదరికం ఉండేదో, ఆ ఊరి సంపన్నులు దాన్ని చూసి ఏం చేశారో, ఇక్కడ రెండూ ఒకచోట కనిపిస్తాయి. ఫ్లోరెన్స్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే.

సాయంత్రం, జనం పలచబడే వేళకు, అకాడెమియాలో దావీదు. 1464లో ఒక శిల్పి ఈ పాలరాతి దిమ్మెను చెక్కడం మొదలుపెట్టి వదిలేశాడు. తర్వాత ఇంకొకరు చేయిపెట్టి మానేశారు. పాడైపోయిన రాయిగా ఎండకూ వానకూ పడి ఉంది. 1501లో ఇరవై ఆరేళ్ల మైకెలాంజెలో దాన్ని తీసుకున్నాడు. ఎత్తు 5.17 మీటర్లు. ముందు వాళ్లు తినేసిన రాయి పోగా మిగిలిన సన్నని మందంలోనే ఆ నిలుచునే తీరంతా సాధించాడు. డొనాతెల్లో దావీదు కాళ్ల దగ్గర శత్రువు తల ఉంటుంది, యుద్ధం అయిపోయింది. ఈ దావీదు ఇంకా వడిసెల భుజాన వేసుకుని చూస్తున్నాడు, యుద్ధం ముందుంది. అదే హాల్లో సగమే చెక్కిన ఖైదీల విగ్రహాలున్నాయి. ఉలి జాడలు దగ్గర నుంచి చూడండి, రాయిలోంచి మనిషి ఎలా బయటికొస్తాడో తెలుస్తుంది.

మూడో రోజు నది దాటండి.

అవతలి ఒడ్డున కార్మినె చర్చిలో బ్రంకాచ్చి మందిరం ఉంది. కంచు తలుపుల పోటీ జరిగిన 1401లోనే పుట్టిన మసాచ్చో ఇక్కడ గోడల మీద, తడి సున్నం గచ్చు ఆరకముందే, బొమ్మలు వేశాడు. ఆదాము, హవ్వ స్వర్గంలోంచి బయటికి నడుస్తున్నారు. ఆదాము ముఖం చేతుల్లో దాచుకున్నాడు. హవ్వ నోరు తెరిచి ఏడుస్తోంది. అంతకుముందు చిత్రాల్లో మనుషులు బంగారు నేపథ్యం మీద తేలుతుండేవారు. ఇక్కడ వాళ్ల పాదాలకు బరువుంది, నీడ నేలమీద పడుతోంది. మసాచ్చో ఇరవై ఏడేళ్లు నిండకుండానే పోయాడు. పని సగంలో ఆగితే, దాదాపు అరవై ఏళ్ల తర్వాత ఫిలిప్పినో లిప్పి పూర్తిచేశాడు. కుర్రతనంలో మైకెలాంజెలో ఈ గోడల ముందు కూర్చునే గీత నేర్చుకున్నాడు. 1771లో చర్చి తగలబడితే ఈ మందిరం మాత్రం బతికింది.

అక్కడి నుంచి పోంతె వెక్యో మీదుగా ఇవతలికి వచ్చి, మధ్యాహ్నం ఉఫిజీ. ఇక్కడే చాలామంది ప్రయాణం తప్పుతుంది. గదులు బోలెడు, అన్నీ చూడాలనుకుంటే రెండో గంటకే కళ్లు పనిచేయడం మానేస్తాయి. మన శతాబ్దపు గదులకే వెళ్లండి. 1423లో జెంతీలె ద ఫాబ్రియానో వేసిన ముగ్గురు రాజుల పూజ చూడండి. బంగారమంతా అందులోనే ఉంది. ఆ తర్వాత నాలుగైదేళ్లలోనే మసాచ్చో చేసిన పని పొద్దున చూశారు కాబట్టి, ఎంత పెద్ద మార్పో మీకే అర్థమవుతుంది. తర్వాత బొట్టిచెల్లి వసంతం, వీనస్ జననం. యువకుడిగా లియొనార్దో వేసిన శుభవార్త చిత్రం. అక్కడితో బయటికి వచ్చేయండి.

వస్తే సిన్యోరియా కూడలి. 1504లో దావీదును ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఊరు ఒక సంఘం వేసింది. అందులో లియొనార్దో ఉన్నాడు, బొట్టిచెల్లి ఉన్నాడు. చివరికి నగర ప్రభుత్వ భవనం గుమ్మం ముందు నిలబెట్టారు. 1873లో అసలు విగ్రహాన్ని అకాడెమియాకు తరలించారు, ఇప్పుడున్నది 1910లో పెట్టిన నకలు. దానికి కొద్ది దూరంలో, సవొనరోలాను కాల్చిన చోట, నేలలో ఒక గుండ్రని రాతి ఫలకం ఉంది. ఆ రెంటి మధ్య నిలబడితే కథ పూర్తయినట్టు.

తిండి సంగతి కూడా చెప్పుకోవాలి. శాకాహారులకు ఈ ఊళ్లో కష్టం లేదు. పాత రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ వేసి ఉడికించే రిబొల్లిత, టమాటాలూ రొట్టె కలిపి చేసే పప్పా అల్ పొమొదోరో, రెండూ కడుపు నింపుతాయి. మాంసం రసం వేయలేదు కదా అని మాత్రం అడగండి. సెంజా కార్నె అంటే మాంసం లేకుండా అని. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, అది వాళ్ల పద్ధతి. రాత్రి భోజనం ఏడు దాటాకే మొదలవుతుంది. కోపెర్తొ అని బిల్లులో తలకు కొంత కూర్చున్నందుకు వేస్తారు. కాఫీ నిలబడి తాగితే తక్కువ ధర. చర్చిలకు వెళ్లేటప్పుడు భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు వేసుకోవాలి.

ఇక, మన వైపు నుంచి ఆ ఊరికి ఉన్న సంబంధాలు రెండు చెబుతాను. బ్రూనెల్లెస్కి గుమ్మటం మొదలుపెట్టిన ఆ 1420 ప్రాంతంలోనే నికొలొ దె కాంతి అనే వెనిస్ వర్తకుడు విజయనగరంలో ఉన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా తూర్పు దేశాలు తిరిగి ఇటలీ చేరాక, అప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్న పోప్ నాలుగో యుజీన్ దగ్గరికి వెళ్లాడు. అతను చెప్పిన సంగతుల్ని పోప్ కార్యదర్శి పోజో బ్రాచ్చొలీని లాటిన్‌లో రాసిపెట్టాడు. కొండల నడుమ విజయనగరం, అక్కడి రథోత్సవం, దీపాల పండుగ, అన్నీ అందులో ఉన్నాయి. తుంగభద్ర ఒడ్డు కబుర్లు ఆర్నో ఒడ్డున విన్నారన్నమాట. గుమ్మటం పూర్తయి అప్పటికి కొద్ది ఏళ్లే. రెండోది విషాదం. ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ కొల్హాపూర్ యువ మహారాజు రాజారామ్ 1870 నవంబరులో ఫ్లోరెన్స్‌లో కన్నుమూశాడు. ఇరవై ఏళ్లవాడు. హిందూ పద్ధతిలోనే ఆర్నో, మున్యోనె నదులు కలిసేచోట దహనం చేశారు. కషీనె పార్కు పడమటి కొసన 1874లో కట్టిన స్మారకం ఇప్పటికీ ఉంది. పక్కనున్న వంతెనకూ ఆ భారతీయుడి పేరే. నాలుగో రోజు పొద్దున రైలుకు వ్యవధి ఉంటే అక్కడి దాకా నడిచి రండి.

చివరగా ఒక్క మాట. ఈ కళాఖండాలన్నీ ఇంకా ఆ ఊళ్లోనే ఎందుకున్నాయి? మెదీచి వంశం అంతరిస్తున్న రోజుల్లో, ఆ ఇంటి ఆఖరి వారసురాలు అన్నా మరియా లుయీజా 1737లో కొత్త పాలకులతో ఒక ఒప్పందం చేసుకుంది. తన కుటుంబం కూడబెట్టిన చిత్రాలూ శిల్పాలూ పుస్తకాలూ అన్నీ ఇచ్చేస్తుంది, కానీ ఒక్కటి కూడా ఫ్లోరెన్స్ దాటి పోకూడదు. ప్రజలకు ఉపయోగపడాలి, దేశదేశాల వాళ్లు వచ్చి చూడాలి. వచ్చి చూసేవాళ్లను తలుచుకుని ఆమె ఆనాడే షరతు రాయించింది. వాళ్లలో మనమూ ఉన్నాం. అందుకని ఆ ఊరికి తయారై వెళ్లడం మన బాధ్యత. వియన్నాకు వెళ్తే సంగీతం కథ కావచ్చు, తొలెదోకు వెళ్తే మూడు మతాలు కలిసి బతికిన కథ కావచ్చు. ఏ ఊరికైనా పద్ధతి ఇదే. టికెట్టు కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, ఆ ఊరి గురించి మేం తెలుసుకోవాలనుకునేది ఏమిటని ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోండి. ఆ ప్రశ్న కుదిరాక రోజులు ఎన్నని లెక్కపెట్టుకోనక్కర్లేదు, ఉన్నవే సరిపోతాయి.